కుర్చీ కూడా కరుస్తుంది!

చెప్పుల దుకాణానికి వెళ్తే ఎవరైనా ఏం చేస్తారు? నెంబరు చెబుతారు. రెండు మూడు జతలు తీయించి, వేసుకుని, నాలుగడుగులు వేసి చూస్తారు. వేలి దగ్గర కాస్త ఒరుసుకుంటున్నట్లనిపించినా 'ఇది కరిచేలా ఉంది' అంటూ పక్కన పెట్టేస్తారు. ఏ నాలుగైదు గంటలో వేసుకునే చెప్పులకే ఇన్ని పరీక్షలు. మరి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఒంటికి అంటిపెట్టుకుని ఉండే చక్రాలకుర్చీ సంగతో? ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేసేరోజు ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు దుకాణానికి పరిగెడతారు. 'ఒక వీల్‌చెయిర్ ఇవ్వండి' అంటారు. గోడకు ఆనించి ఉన్నదాన్ని మడిచి ఆటోలో వేసుకొచ్చేస్తారు. అందులో కూర్చోవాల్సిన మనిషి దాన్ని మొదటిసారి చూసేది ఇంటికొచ్చాకే!

చక్రాలున్న కుర్చీయే కదా, ఏదైతేనేం అనుకుంటాం. కానీ నడవలేని మనిషికి అది కుర్చీ కాదు, కాళ్లు. కొలత తప్పితే చెప్పు కరిచినట్లే కుర్చీ కూడా కరుస్తుంది. తేడా ఒక్కటే. చెప్పు కరిస్తే వెంటనే తెలుస్తుంది, విప్పేయొచ్చు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయినవారికి కుర్చీ కరిచినా తెలియదు. తెలిసేసరికి పుండు పడి ఉంటుంది.

పద్దెనిమిది అంగుళాల తంటా

ఆసుపత్రుల వరండాల్లో కనిపించే మడత కుర్చీల్లో సీటు వెడల్పు సాధారణంగా పద్దెనిమిది అంగుళాలు. రోగిని వార్డు నుంచి ఎక్స్‌రే గదికి తీసుకెళ్లడానికి అది సరిపోతుంది. లావుగా ఉన్నవాళ్లూ సన్నగా ఉన్నవాళ్లూ ఎవరైనా పడతారు, పావుగంటలో దిగిపోతారు. ఇబ్బందల్లా అదే కుర్చీని ఒక మనిషికి జీవితాంతం అంటగట్టినప్పుడే.

పదమూడంగుళాల తుంటి ఉన్న బక్కపల్చని అమ్మాయి అందులో కూర్చుందనుకుందాం. అటూ ఇటూ బోలెడంత ఖాళీ. నిటారుగా కూర్చోలేక ఒకవైపు చేతిమీదికి ఒరిగిపోతుంది. ఎదిగే వయసు కదా, నెలలు గడిచేకొద్దీ వెన్నెముక కూడా అటే వంగడం మొదలవుతుంది. చక్రాలు దూరంగా ఉంటాయి కాబట్టి వాటిని అందుకోవడానికి రెక్కలు చాచినట్లు చేతులు చాచాలి. ఆ భంగిమలో రోజూ వందలసార్లు తోస్తే భుజాలు అరిగిపోతాయి. కాళ్లు లేనివారికి భుజాలే కాళ్లు. అవీ పోతే?

సీటు లోతు ఎక్కువైతే మరో చిక్కు. దాని అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంటే ఎవరైనా ముందుకు జరుగుతారు. నడుముకు ఆసరా పోయి, వీపు గూనిలా వంగి, బరువంతా త్రికం మీద పడుతుంది. పాదాలు ఆనించే పలక మరీ ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి లేచి, తొడలు పంచుకోవాల్సిన బరువు కూడా కూర్చునే ఎముకల మీదే పడుతుంది. అలా ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడి చర్మానికి రక్తం అందదు. మామూలు మనుషులైతే తిమ్మిరెక్కగానే తెలియకుండానే కదులుతారు. స్పర్శ లేనివారు కదలరు. అవే ఒత్తిడి పుండ్లు. పైకి చిన్న గాయంలా కనిపించినా లోపల ఎముక దాకా పోవచ్చు. సూపర్‌మ్యాన్ సినిమాల హీరో క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీది నుంచి పడి మెడ కింది భాగమంతా చచ్చుబడిపోతే చక్రాలకుర్చీలోనే ప్రపంచమంతా తిరిగారు. అంతటివాడూ ఇన్ఫెక్షన్ సోకిన ఒత్తిడి పుండుకు చికిత్స తీసుకుంటూ 2004 అక్టోబరులో కన్నుమూశారు. డబ్బుకూ సేవలకూ లోటులేని మనిషి పరిస్థితే అదైతే, మిగిలినవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పక్కర్లేదు.

ఒక్కరి కోసం పుట్టినవే

చిత్రమేమిటంటే, చక్రాలకుర్చీలో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలా వరకూ ఎవరో ఒక్కరి అవసరం కోసం వచ్చినవే. అమెరికాకు చెందిన హెర్బర్ట్ ఎవరెస్ట్ గనుల ఇంజినీరు. 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగింది. అప్పటి బండ కుర్చీలు కారులో పట్టేవి కావు. ఆయన స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ మెకానికల్ ఇంజినీరు. మిత్రుడి కోసం 1933లో కత్తెరలా మడుచుకునే కుర్చీ తయారుచేశాడు. ఈరోజుకీ దుకాణాల్లో దొరికే మడత కుర్చీకి మూలం అదే.

మార్లిన్ హామిల్టన్‌దీ అలాంటి కథే. 1978లో హ్యాంగ్‌గ్లైడర్ మీద ఎగురుతూ పడిపోయి నడవలేని స్థితికి చేరిందామె. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన బరువైన కుర్చీ ఆమెకు నచ్చలేదు. హ్యాంగ్‌గ్లైడర్లు తయారుచేసే స్నేహితులిద్దరిని పిలిచి, 'వాటికి వాడే అల్యూమినియం గొట్టాలతోనే నాకో కుర్చీ చేసిపెట్టండి' అంది. తేలిగ్గా, రంగురంగుల్లో తయారైన ఆ కుర్చీని చూసి మిగిలినవాళ్లూ మాకూ కావాలన్నారు. అలా 'క్విక్కీ' సంస్థ పుట్టింది.

రాల్ఫ్ హాచ్‌కిస్ కాలేజీలో చదువుకుంటుండగా 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో నడక పోగొట్టుకున్నాడు. ఇంజినీరై, పేదదేశాల్లోని మట్టిరోడ్లకు తగిన కుర్చీల మీద దృష్టిపెట్టాడు. నున్నటి గచ్చు కోసం చేసిన సన్నటి ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి, రాయి తగిలితే కుర్చీ ముందుకు పల్టీ కొడుతుంది. అందుకే వెడల్పాటి రబ్బరు చక్రాలు బిగించి, వాటిని ఇంకాస్త ముందుకు జరిపారు. ఆ వెడల్పు చక్రం పేరు 'జింబాబ్వే చక్రం'. ఆ దేశంలో పుట్టింది కాబట్టి ఆ పేరు! మనిషి కొలతతోపాటు దారి కొలత కూడా కావాలన్నది దీంతో తేలిన విషయం.

టేపు తీయండి

ఇంతకీ కొలవాల్సినవేమిటి? చేతులుండని గట్టి బల్లమీద మనిషిని నిటారుగా కూర్చోబెట్టి కొలతలు తీసుకోవాలి. మొదటిది తుంటి వెడల్పు. సీటు దాదాపు అంతే ఉండాలి. తొడకూ కుర్చీ పక్కపలకకూ మధ్య అరచేయి నిలువుగా దూరితే చాలు. 'కాస్త వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది' అన్నది చొక్కాలకే, కుర్చీకి కాదు.

రెండోది పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక మడత దాకా ఉన్న దూరం. సీటు లోతు అంతకన్నా మూడు నుంచి ఆరు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. మూడోది మోకాలి మడత నుంచి మడమ దాకా ఎత్తు. చెప్పులు వేసుకునే అలవాటుంటే వాటితోనే కొలవాలి. దీన్నిబట్టి కాలిపలక ఎత్తు అమర్చాలి. సీటు మీద దిండు వేస్తే దాని ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. నాలుగోది వీపు ఆనుకునే పలక ఎత్తు. నడుం మీద పట్టు బాగా ఉన్నవారికి అది పక్కటెముకల కిందివరకూ ఉంటే చాలు, భుజాలు స్వేచ్ఛగా ఆడతాయి. పట్టు లేనివారికి ఇంకా ఎత్తు కావాలి. ఐదోది చక్రం అందే తీరు. చక్రం పైఅంచు మీద చెయ్యి పెడితే మోచెయ్యి లంబకోణం కన్నా కాస్త ఎక్కువ తెరుచుకుని ఉండాలి. అప్పుడే తక్కువ శ్రమతో ఎక్కువ దూరం పోవచ్చు.

ఎవరి అవసరం వారిది

కొలతలు ఒకటే అయినా కుర్చీ ఒకటే కానక్కర్లేదు. పక్షవాతంతో ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయిన తాతయ్యనే తీసుకోండి. రెండు చక్రాలూ తోయలేడు. సీటు కాస్త కిందికి దించి, బాగున్న కాలివైపు పలక తీసేస్తే ఆ పాదంతో నేలను తన్నుకుంటూ, ఆ చేత్తో చక్రం తిప్పుకుంటూ ఇల్లంతా తిరుగుతాడు. సీటు ఒక్క అంగుళం ఎత్తున్నా పాదం నేలకు అందదు. ఆ అంగుళం కోసం మరో మనిషి మీద ఆధారపడాలి.

రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా తీసేసినవారి సంగతి వేరు. ముందువైపు కాళ్ల బరువు ఉండదు కాబట్టి మామూలు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. వారికి వెనక చక్రాల ఇరుసును ఇంకా వెనక్కి జరపాలి. అదే చేతుల్లో బలమున్న కుర్రాడికైతే ఇరుసు ముందుకు జరిపితే కుర్చీ తేలిగ్గా కదులుతుంది, చురుగ్గా తిరుగుతుంది. అలవాటయ్యేదాకా వెనక్కి పడకుండా చిన్న చక్రాలు బిగిస్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పసివాళ్లకు తలకు, నడుముకు అటూ ఇటూ ఆసరాలు కావాలి. కూర్చున్న భంగిమ చెడకుండా సీటంతా వెనక్కి వాలే కుర్చీలూ వీరికోసం ఉన్నాయి. మెడ నిలిస్తే చూపు నిలుస్తుంది, చూపు నిలిస్తే చదువూ తిండీ సులువవుతాయి. మంచం మీదికి సొంతంగా మారగలిగేవారికి చేతిపలక ఊడివచ్చేలా ఉండాలి. లేకపోతే అది గోడలా అడ్డొస్తుంది.

గడప దాటాలిగా!

సరైన కుర్చీయే వచ్చింది. బాత్రూమ్ తలుపులో పడుతుందా? పద్దెనిమిది అంగుళాల సీటున్న మడత కుర్చీ చక్రాలతో కలిపి పాతిక అంగుళాలకు పైనే ఉంటుంది. చాలా ఇళ్లలో బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులకు మించదు. అందులో తలుపు మందమూ పోగా మిగిలేదెంత? అందుకే దుకాణానికి వెళ్లేముందు ఇంటి తలుపులన్నీ కొలవాలి. సీటు రెండంగుళాలు తగ్గితే ఒంటికీ సరిపోతుంది, తలుపులోనూ పడుతుంది.

గడపకు వాలు కట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. నాలుగంగుళాల గడపకు నాలుగడుగుల వాలన్నమాట. అంతకన్నా నిటారుగా కడితే ఎక్కేటప్పుడు ఒకరు తోయాలి, దిగేటప్పుడు దేవుడే దిక్కు. ఇక మట్టి వీధుల్లో తిరిగేవారికి గాలి టైర్లు మేలు, కుదుపు తక్కువ. పంక్చరైతే సైకిల్ షాపులో వేయించుకోవచ్చు. ఇంట్లోనే ఉండేవారికి గట్టి రబ్బరు టైర్లు చాలు.

మన దగ్గరా మారుతోంది

'ఇలా కొలిచి చేసేవి విదేశాల్లోనే' అనుకోనక్కర్లేదిప్పుడు. మద్రాసు ఐఐటీలో పురుడు పోసుకున్న 'నియోఫ్లై' కుర్చీని కొనేవారి ఒంటి కొలతలను బట్టి అమరుస్తారు. దానికి ముందువైపు 'నియోబోల్ట్' మోటారు తగిలిస్తే రోడ్డు మీద స్కూటర్‌లా పోతుంది. అదే ఐఐటీ 2019లో కూర్చున్న మనిషిని నిలబెట్టే 'అరైజ్' కుర్చీని, 2025లో తొమ్మిది కిలోల బరువుండే 'వైడీ వన్' కుర్చీని తెచ్చింది.

ఖరీదైనవి కొనలేనివారికి కేంద్ర ప్రభుత్వ 'ఆడిప్' పథకం ఉంది. కాన్పూర్‌లోని అలిమ్‌కో తయారుచేసే ఉపకరణాలను శిబిరాల్లో ఇస్తుంటారు. పంపిణీకి ముందు ఎవరికేం కావాలో చూసే శిబిరం జరుగుతుంది. ఇంట్లోవాళ్లు కాగితాలు పట్టుకెళ్లడం కాదు, కూర్చునే మనిషి వెళ్లాల్సింది ఆరోజే. ఇంట్లో తిరగాలా, బజారుకు వెళ్లాలా అన్నది అక్కడే చెప్పాలి. ఎక్కువదూరం వెళ్లేవారికి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి పనికొస్తుంది కానీ వంటింట్లోకి రాదు కదా! వెన్నుపాము దెబ్బతిన్నవారికీ పిల్లలకూ కుర్చీ ఎంచేముందు ఫిజియోథెరపిస్టుకో ఆక్యుపేషనల్ థెరపిస్టుకో చూపించడం తప్పనిసరి.

కొన్నాకా పనుంది

కుర్చీ ఇంటికి రావడంతో పని అయిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కుర్చీ ఇవ్వడాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పింది. కుర్చీని మనిషికి అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మళ్లీ మళ్లీ చూడటం ఆఖరి మూడు మెట్లు. మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేవి అవే.

స్పర్శ లేనివారు పావుగంటకో అరగంటకో ఓసారి చేతులమీద లేవడమో, ముందుకీ పక్కలకీ వంగడమో చేసి ఒత్తిడి తగ్గించుకోవాలి. సీటు మీద ఒత్తిడిని తగ్గించే దిండు ఉండాల్సిందే. రాత్రి పడుకునేముందు ఇంట్లోవాళ్లు ఓసారి చర్మం చూడాలి. ఎర్రటి మచ్చ ఉండి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకు తొలి హెచ్చరిక. ఆ చోట బరువు పడకుండా చూసి డాక్టరుకు చూపించాలి, కుర్చీనీ దిండునీ సరిచూడాలి. ఎదిగే పిల్లలకు ఏటా యూనిఫాం కుట్టిస్తారుగా... అప్పుడే కుర్చీ కొలతా చూస్తే సరి.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 'నువ్వేం చేయాలనుకుంటున్నావు?' అని కూర్చునే మనిషినే అడగాలి. అమ్మకు పొయ్యి అందడం ముఖ్యం కావచ్చు, కూతురికి తరగతిలో బల్ల కిందికి మోకాళ్లు పట్టడం ముఖ్యం కావచ్చు, తాతయ్యకు రచ్చబండ దాకా ఎవరినీ పిలవకుండా వెళ్లడమే ముఖ్యం కావచ్చు. ఆ జవాబు విన్నాకే టేపు తీయాలి. చెప్పులు వేసుకునేవాళ్లే కదా నచ్చాయో లేదో చెప్పాల్సింది!