పురాతన పిస్తోళ్ళ కొనుగోలు - చట్ట నిబంధనలు

పురాతన పిస్తోళ్ళ కొనుగోలు, సేకరణ భారతదేశంలో ప్రధానంగా మూడు శాసనాలకు లోబడి ఉంటాయి. అవి 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి ఆయుధ నియమావళి మరియు 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టము. పిస్తోలు పాతదైతే లైసెన్సు అక్కరలేదన్న అభిప్రాయం ప్రజలలో విస్తృతంగా ఉన్నది. ఆయుధ చట్టము మాత్రం వస్తువు వయసు కంటే అది పేలగలదా, లేదా అన్న విషయానికే ప్రాధాన్యమిస్తుంది. 2019లో జరిగిన చట్ట సవరణ శిక్షలను పెంచగా, 2020లో జరిగిన నియమావళి సవరణ సేకర్తలకు కొంత వెసులుబాటు కల్పించింది. ఈ రెండు మార్పులను కలిపి చూస్తేనే నేటి పరిస్థితి అర్థమవుతుంది. తెలంగాణలోని జహీరాబాదు వంటి సరిహద్దు పట్టణాలలో ఈ నిబంధనల ప్రభావం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యము

జహీరాబాదు ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో, 65వ నంబరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణము. 1956 వరకు ఇది హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాకు చెందినది. రాష్ట్రాల పునర్విభజన తరువాత మెదక్ జిల్లాలోనికి, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చింది.

బ్రిటిషు ఇండియాలో 1878 నాటి ఆయుధ చట్టము అమలులో ఉండేది. హైదరాబాదు స్వదేశీ సంస్థానము కావడం వలన అక్కడి పాలన వేరుగా సాగేది. జాగీర్దారులు, పాయగా నవాబులు, సంస్థానాధీశులు సొంత సిబ్బందిని, ఆయుధాలను ఉంచుకొనేవారు. 18వ శతాబ్దపు చివరి భాగంలో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ (1755-1798) కాలపు ఫిరంగుల కార్ఖానా పేరు మీదుగానే హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఇటువంటి చరిత్ర గల ప్రాంతంలో పాత గడీలలోను, దేవిడీలలోను తాతల నాటి ఆయుధాలు మిగిలి ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు.

పాతదనానికి మూడు కొలతలు

పై శాసనాలలో పాతదనానికి ఒకే నిర్వచనం లేదు. ఆయుధ చట్టము 45వ సెక్షనులోని (సి) ఖండము ప్రకారం వాడుక తప్పిన నమూనాకు చెందిన, లేదా పురాతన విలువ గల, లేదా పాడైపోయిన ఆయుధానికి చట్టము వర్తించదు. అయితే దానిని తుపాకిగా వాడే ఉద్దేశం ఉండరాదు. మరమ్మతు చేసినా, చేయకపోయినా అది తుపాకిగా పనిచేసే స్థితిలో ఉండరాదు. ఇందులో సంవత్సరాల లెక్క లేదు.

రెండవది క్యూరియో వర్గము. 45వ సెక్షను మినహాయింపు పొందని చారిత్రక ఆయుధాలు, అరుదైన ఆయుధాలు దీని క్రిందికి వస్తాయి. మూడవది 1972 నాటి చట్టము. దీని ప్రకారం కనీసం 100 సంవత్సరాల నాటి వస్తువు పురావస్తువు కాగలదు. పురావస్తువులను వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు ఉండాలి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.

ఈ విధంగా ఒకే పిస్తోలు ఒక చట్టము దృష్టిలో పురావస్తువుగాను, మరొక చట్టము దృష్టిలో లైసెన్సు కావలసిన తుపాకిగాను ఉండవచ్చును. ఉదాహరణకు చెకుముకి రాయితో పేలే పిస్తోలుకు తూటాలు అవసరం లేదు. గొట్టము, మీట బాగుంటే కొత్త రాయి, తుపాకిమందు, సీసపు గుండు సరిపోతాయి. కనుక రెండు వందల ఏళ్ళ నాటిదైనా అది పేలగల ఆయుధమే. తుప్పు పట్టిన వెబ్లీ రివాల్వరు ఒక స్ప్రింగు మార్చితే పనిచేస్తుందనుకుంటే, దానికి కూడా 45వ సెక్షను మినహాయింపు దొరకదు. వివాదం వచ్చినప్పుడు ఆయుధాన్ని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపి నిపుణుల నివేదిక తీసుకుంటారు. తెలంగాణలో ఇటువంటి ప్రయోగశాల హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌లో ఉన్నది.

2020 సవరణ

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2020 ఫిబ్రవరిలో ఆయుధ నియమావళిని సవరించింది. దీని ప్రకారం క్యూరియో వర్గానికి చెందిన చిన్న ఆయుధాలను సంపాదించడానికి, దగ్గర ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్సు అవసరం లేదు. కాని వాటిని ఉపయోగించడానికి, వెంట తీసుకొని తిరగడానికి, ఒక చోటి నుండి మరొక చోటికి తరలించడానికి తగిన లైసెన్సు కావాలి. యజమాని లైసెన్సులో ఆ ఆయుధము నమోదు కానిదే దానికి తూటాలు అమ్మరాదు.

ఈ సవరణలోని మెలిక తరలింపు దగ్గరే ఉన్నది. హైదరాబాదులో క్యూరియో పిస్తోలును కొన్న జహీరాబాదు నివాసి దానిని ఇంటిలో లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చును, కాని సుమారు 100 కిలోమీటర్ల రహదారి మీదుగా ఇంటికి తెచ్చుకోవడానికి అనుమతి కావాలి. బీదరులో కొన్నట్లయితే రాష్ట్ర సరిహద్దు కూడా దాటవలసి ఉంటుంది. క్యూరియో అన్నది అమ్మేవాడు పెట్టుకొనే పేరు కాదు. అందువలన కొనడానికి ముందే లైసెన్సు అధికారి నుండి వ్రాతపూర్వకమైన సమాధానం పొందడం క్షేమము.

లైసెన్సుతో కొనుగోలు

మినహాయింపు లేని పిస్తోలును కొనడానికి 3వ సెక్షను ప్రకారం లైసెన్సు తప్పనిసరి. దరఖాస్తుదారుకు 21 సంవత్సరాలు నిండి ఉండాలి. జహీరాబాదు వాసులకు లైసెన్సు అధికారి సంగారెడ్డి జిల్లా కలెక్టరు. పోలీసు నివేదిక తరువాతనే దరఖాస్తుపై నిర్ణయం తీసుకుంటారు. 9 మిల్లీమీటర్లు, .303 వంటి నిషిద్ధ బోరు ఆయుధాల విషయంలో అధికారం కేంద్ర ప్రభుత్వానిది.

లైసెన్సు ఉన్న ఒక వ్యక్తి తన సొంత పిస్తోలును, దానిని కలిగి ఉండే అర్హత గల మరొకరికి అమ్మదలచితే, ఆ విషయాన్ని కొనేవారి పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటుకు గాని దగ్గరి పోలీసు స్టేషనుకు గాని వ్రాతపూర్వకంగా తెలపాలి. ఆ తరువాత కనీసం 45 రోజులు ఆగాలి. తయారీదారు పేరు, నంబరు లేదా ఇతర గుర్తింపు చిహ్నం లేని తుపాకిని అమ్మడాన్ని 8వ సెక్షను నిషేధిస్తుంది. నంబర్లు వేసే పద్ధతి లేని కాలంలో స్థానిక కమ్మరులు చేసిన ఆయుధాలకు ఇది పెద్ద అడ్డంకి.

వారసత్వము, శిక్షలు

2019 సవరణకు ముందు ఒక వ్యక్తి మూడు తుపాకుల వరకు ఉంచుకొనే వీలుండేది. 2019 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ దీనిని రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చిన ఆయుధాలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు కూడా ఈ పరిమితి మించరాదని స్పష్టం చేసింది. ఎక్కువగా ఉన్నవాటిని ఒక సంవత్సరంలోగా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించాలని ఆదేశించింది.

లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉన్నందుకు విధించే శిక్ష 2 నుండి 5 సంవత్సరాల జైలు మరియు జరిమానా. అంతకు ముందు ఇది 1 నుండి 3 సంవత్సరాలుగా ఉండేది. అక్రమ విక్రయానికి కనీసం 7 సంవత్సరాలు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగారము విధించవచ్చును. అయితే 3వ సెక్షను ఉల్లంఘనపై కోర్టులో కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరము.

ఇతర దేశాలలో

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టము 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకులను పురాతనమైనవిగా పరిగణిస్తుంది. బ్రిటనులో 2021 నాటి నిబంధనలు 1939 సెప్టెంబరు 1కి ముందు తయారీని ఒక షరతుగా పెట్టాయి. పేల్చే విధానాన్ని, తూటా రకాన్ని కూడా లెక్కలోనికి తీసుకుంటాయి. ఆ దేశాలలో స్థిరపడిన తెలుగువారు అక్కడ చట్టబద్ధంగా కొన్న పిస్తోలునైనా ఆ మినహాయింపును చూపి భారతదేశానికి తీసుకొనిరాలేరు. ఇక్కడ ఆయుధాల దిగుమతిపై వేరే ఆంక్షలు ఉన్నాయి.

విశ్లేషణ

తయారీ సంవత్సరాన్ని హద్దుగా పెడితే కొనేవారికి స్పష్టత ఉంటుంది, కాని పేలగల ఆయుధము కూడా మినహాయింపు పొందే ప్రమాదమున్నది. భారతీయ చట్టము ఈ ప్రమాదాన్ని నివారించడానికి పనితీరును కొలతగా తీసుకున్నది. దీని వలన మరొక చిక్కు ఏర్పడినది. సేకర్తకు అన్ని భాగాలు చెక్కుచెదరకుండా ఉన్న వస్తువే విలువైనది. చట్టానికి పనికిరాకుండా పోయిన వస్తువే నిరపాయకరమైనది. మినహాయింపు కోసం గొట్టానికి రంధ్రము చేస్తే చరిత్ర చెడుతుంది. చేయకపోతే ఇంటి పెద్ద మరణించిన తరువాత, పెట్టెలో పిస్తోలు ఉన్న సంగతి తెలిసిన వారసుడు శిక్షార్హుడయ్యే అవకాశమున్నది.

2020 సవరణ ఈ చిక్కును కొంతవరకే సడలించింది. పాత పిస్తోలు బయటపడిన కుటుంబము దానిని దాచడం గాని, అమ్మకానికి పెట్టడం గాని చేయక ముందుగా అధికారులకు తెలియజేయడమే చట్టము చూపే మార్గము. దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధమైన ఆయుధాన్ని ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులో లేదా డీలరు వద్ద జమ చేయాలని 21వ సెక్షను చెబుతున్నది. వస్తువును, దాని చరిత్రను ఒకేసారి కాపాడుకోవడానికి అక్కడి నుండే దారి మొదలవుతుంది.