రేపటి వంతు

కష్టసాధ్యమైన కార్యాన్ని ఎవరైనా తలపెడితే దానిని భగీరథ ప్రయత్నమని మెచ్చుకోవడం తెలుగువారికి అలవాటు. ఆ మెప్పులో ఒక విషయం మరుగున పడిపోతుంది. సగరపుత్రుల తొందరపాటు వల్ల మిగిలిన బూడిదకుప్పలకు ఉత్తమగతి కల్పించే బాధ్యత అంశుమంతుని కాలంలో తీరలేదు, దిలీపుని కాలంలోనూ తీరలేదు. తాను చేయని తప్పుకు, తాను పుట్టకముందే జరిగిపోయిన దానికి, రాజ్యసుఖాలను వదులుకొని తపస్సు చేయవలసి వచ్చినవాడు భగీరథుడు. ఆయన పట్టుదలను వేల ఏళ్లుగా కీర్తిస్తున్న లోకం, ఆ భారం ఆయన తలపై పడిన తీరు న్యాయమేనా అని అంతగా అడగలేదు.

ఇంచుమించు ఆ ప్రశ్ననే జర్మనీ దేశపు యువతీయువకులు కొందరు తమ దేశంలోని రాజ్యాంగ న్యాయస్థానాన్ని అడిగారు. దానికి 2021లో వచ్చిన సమాధానం ఫలితంగా ఒక సంపన్న పారిశ్రామిక దేశం తన హరితగృహ వాయువుల తగ్గింపు లక్ష్యాన్ని కొద్ది వారాలలోనే పెంచుకొన్నది. ప్రభుత్వాలు లక్ష్యాలను ప్రకటించడం, గడువు సమీపించగానే వాటిని మరచిపోవడం లోకానికి కొత్త కాదు. ఒక న్యాయస్థానం మాట మీద లక్ష్యం కఠినతరం కావడం మాత్రం అరుదు.

జర్మనీ పార్లమెంటు 2019 నవంబరులో వాతావరణ పరిరక్షణ శాసనాన్ని చేసింది. 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను కనీసం 55 శాతం తగ్గించాలన్నది అందులోని ప్రధాన నియమం. విద్యుదుత్పత్తి, పరిశ్రమలు, రవాణా, భవనాలు, వ్యవసాయం మొదలైన రంగాలలో దేనికెంత వాటా అన్నది ఏడాదివారీగా పట్టికలో చూపారు. ఏ రంగం తన వాటా దాటితే ఆ రంగానికి సంబంధించిన మంత్రి మూడు నెలలలో దిద్దుబాటు కార్యక్రమాన్ని సమర్పించాలి. చూడటానికి ఇది పకడ్బందీ ఏర్పాటే. 1990ని ప్రాతిపదికగా తీసుకోవడంలో మాత్రం జర్మనీకి కొంత అనుకూలత ఉంది. తూర్పు, పశ్చిమ జర్మనీలు ఏకమైన సంవత్సరమది. ఆ తరువాత తూర్పు భాగంలోని పాతకాలపు కర్మాగారాలు మూతపడటంతో తగ్గింపులో కొంత భాగం ప్రత్యేక ప్రయాస లేకుండానే సమకూరింది.

శాసనంలోని అసలు లోపం మరొకచోట ఉంది. ఏడాదివారీ పట్టిక 2030తో ముగిసిపోయింది. ఆ తరువాతి సంగతిని 2025లో ప్రభుత్వం నిర్ణయిస్తుందన్న ఒక్క మాటతో సరిపెట్టారు. అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండని పిల్లల జీవితమంతా ఆ ఒక్క మాట వెనుక మిగిలిపోయింది.

ఫిర్యాదుదారులలో వాతావరణ ఉద్యమకారిణి లూయిజా నొయిబావర్ వంటి ప్రసిద్ధులు ఉన్నారు. ఉత్తర సముద్రంలోని పెల్‌వోర్మ్ ద్వీపానికి చెందిన వ్యవసాయ కుటుంబపు పిల్లలూ ఉన్నారు. ఆ ద్వీపం చుట్టూ కరకట్ట కట్టి సముద్రాన్ని ఆపుకొంటూ అక్కడివారు పశువులను మేపుకొంటారు. కరకట్ట తెగితే ఏమవుతుందో కృష్ణా, గోదావరి డెల్టాలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బంగ్లాదేశ్, నేపాల్ దేశాల నుంచి కూడా కొందరు ఫిర్యాదు చేశారు. పొగ ఎక్కడ లేచినా తాపం అందరిదీ అన్నది వారి వాదన. వారిపట్ల జర్మనీ తన బాధ్యతను ఉల్లంఘించిందని న్యాయస్థానం అంగీకరించలేదు గాని, వారి ఫిర్యాదును విచారణకు అర్హం కాదని తోసిపుచ్చనూ లేదు.

కార్ల్స్‌రూయ నగరంలోని ఆ న్యాయస్థానం 2021 మార్చి 24న ఇచ్చిన తీర్పును ఏప్రిల్ 29న వెల్లడించింది. ఆ తీర్పులోని తర్కాన్ని నిదానంగా పరిశీలించాలి. 55 శాతం చాలదని న్యాయమూర్తులు అనలేదు. ఎంత తగ్గించాలో నిర్ణయించడం ప్రధానంగా చట్టసభ పని అని ఒప్పుకొన్నారు. వారు చూసింది పంపకాన్ని. భూతాపాన్ని 1.75 డిగ్రీల వద్ద నిలపాలంటే 2020 నుంచి జర్మనీ వంతుకు వచ్చే బొగ్గుపులుసు వాయువు సుమారు 670 కోట్ల టన్నులని ఆ దేశపు పర్యావరణ సలహా మండలి లెక్కగట్టింది. 2019 శాసనం ప్రకారం నడిస్తే 2030 నాటికి అందులో 100 కోట్ల టన్నులైనా మిగలవు. అప్పటి వాడకం లెక్కన అది రెండేళ్లకైనా చాలదు.

లైటు వేయడం, ఇల్లు వెచ్చచేసుకోవడం, ఊరికి వెళ్లడం, కొత్త ఇల్లు కట్టుకోవడం వంటి నేటి మనిషి స్వేచ్ఛలలో దాదాపు ప్రతిదాని వెనుకా ఏదో ఒకచోట ఇంధనం మండుతూనే ఉంది. కాబట్టి వాయువుల వంతు నేడే ఖర్చైపోతే, రేపటి తరం కోల్పోయేది చల్లని గాలి మాత్రమే కాదు. ఒక్కసారిగా విధించవలసి వచ్చే కఠిన ఆంక్షలలో వారి స్వేచ్ఛలన్నీ కుంచించుకుపోతాయి. ప్రకృతి రక్షణ రాజ్యం బాధ్యత అని చెప్పే 20ఎ అధికరణం 1994 నుంచి జర్మనీ రాజ్యాంగంలో ఉంది. దానిని వ్యక్తి స్వేచ్ఛతో కలిపి చదవడం ఈ తీర్పులోని కొత్తదనం. ఒక తరం తేలిక భారం మోసి, మిగిలినదంతా తరువాతి తరం నెత్తిన పెట్టడానికి వీలులేదని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడు గాదె ఖాళీ చేసి, తమ్ముళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ప్రపంచ ఉద్గారాలలో జర్మనీ వాటా సుమారు 2 శాతమే కదా, ఆ ఒక్క దేశం మానితే ఏమి ఒరుగుతుంది అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. ఇతర దేశాల పొగను చూపి ఏ రాజ్యమూ తన బాధ్యత నుంచి తప్పించుకోలేదన్నది న్యాయస్థానం మాట. ఆ మాటలో పస ఉంది. ఏ దేశం తనను వేరుగా తీసి లెక్కించుకొన్నా చిన్నదిగానే కనిపిస్తుంది. కూడినప్పుడే మొత్తం పెద్దదవుతుంది.

శాసనాన్ని సవరించడానికి న్యాయస్థానం 2022 డిసెంబరు 31 వరకు గడువిచ్చింది. ప్రభుత్వం అంతకాలం ఆగలేదు. పదమూడు రోజులకే, మే 12న, మంత్రివర్గం సవరణను ఆమోదించింది. జూన్ 24న పార్లమెంటు దిగువసభ ఆమోదం లభించింది. 2030 లక్ష్యం 55 శాతం నుంచి 65 శాతానికి పెరిగింది, 2040కి 88 శాతమని కొత్తగా చేర్చారు. నికర ఉద్గారాలు శూన్యం కావలసిన సంవత్సరం 2050 నుంచి 2045కు ముందుకు జరిగింది. ఆ సెప్టెంబరులో ఎన్నికలున్నాయి కాబట్టి ఇంత వేగం అన్నవారూ ఉన్నారు, అది కొంత నిజం కూడా. ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులోనే తన ఉమ్మడి లక్ష్యాన్ని 40 నుంచి 55 శాతానికి పెంచడం మరొక కారణం. ఐనా సంకల్పం ఏ కారణంతో పుట్టినా అది శాసనమైన తరువాత దాని బలం దానిదే. ఆ శాసనం అమలులోకి రాకముందే, జూలైలో, ఆర్ నది లోయలోనూ పరిసర ప్రాంతాలలోనూ వచ్చిన వరదలకు జర్మనీలో 180 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

లక్ష్యం పెంచిన మాత్రాన పొయ్యిలో బొగ్గు ఆరిపోదు. బొగ్గు విద్యుత్తును 2038 నాటికి మానుకోవాలని జర్మనీ 2020లో నిర్ణయించినప్పుడు, బొగ్గు గనుల ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల వరకు సహాయం అందించడానికి సిద్ధపడింది. గని మూసివేసి గనికార్మికుణ్ణి వీధిన పడవేసే లక్ష్యం ఎక్కువకాలం నిలవదు. ఇళ్లను వెచ్చచేసే యంత్రాలను మార్చాలన్న చట్టంపై 2023లో ఆ దేశంలో ఎంత గొడవ జరిగిందో గమనిస్తే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. సామాన్యుడు శూన్య ఉద్గారాలను వ్యతిరేకించలేదు, యంత్రం ఖరీదు ఎవరిస్తారని అడిగాడు. అది అడగదగిన ప్రశ్నే.

భారతదేశానికి ఇదే కొలత వర్తించదు. రెండు శతాబ్దాలు బొగ్గు కాల్చి సంపన్నమైన దేశమూ, కోట్లమందికి ఇటీవలే విద్యుద్దీపం అందించిన దేశమూ ఒకే బరువు మోయాలనడం అన్యాయం. అందుకే భారతదేశం మొత్తం ఉద్గారాల తగ్గింపును గాక, స్థూల దేశీయోత్పత్తిలో ప్రతి రూపాయికి వెలువడే ఉద్గారాల తగ్గింపును లక్ష్యంగా పెట్టుకొన్నది. 2005తో పోలిస్తే 2030కి 33 నుంచి 35 శాతమన్న 2015 నాటి మాటను 2022 ఆగస్టులో 45 శాతానికి పెంచింది. నికర శూన్యానికి 2070 గడువు. ఐతే దేశాల మధ్య న్యాయం కోరేవారు తరాల మధ్య న్యాయాన్ని మరువరాదు. 2070 నాటికి నేటి కళాశాల విద్యార్థులు అరవై ఏళ్లు దాటినవారవుతారు. బట్టమేక పిట్టల రక్షణకు సంబంధించిన వ్యాజ్యంలో భారత సర్వోన్నత న్యాయస్థానం 2024లో, వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాలలో ఇమిడి ఉన్న హక్కేనని పేర్కొన్నది. ఒకప్పుడు రాయలసీమలోని రోళ్లపాడు గడ్డిమైదానాలలో తిరిగిన పక్షి అది.

జర్మనీ కథ విజయగాథగా ముగిసిందనుకొంటే పొరపాటు. 2023లో ఆ దేశ ఉద్గారాలు 1990 కంటే సుమారు 46 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో కొంత పరిశ్రమల మందగమనం వల్ల వచ్చినదే. రవాణా, భవనాల రంగాలు వరుసగా తమ వాటాలు దాటుతూ వచ్చాయి. మంత్రులు దిద్దుబాటు కార్యక్రమాలు సమర్పించవలసిన పరిస్థితి పదేపదే వచ్చింది. అప్పుడు 2024లో పార్లమెంటు శాసనాన్నే సవరించింది. 65 శాతమన్న అంకె చెక్కుచెదరలేదు. కాని ఏ రంగానికి ఆ రంగపు మంత్రి జవాబుదారీ అన్న నియమం సడలిపోయింది. ఇకపై అన్ని రంగాలనూ కలిపి చూస్తారు. అంచనాలు వరుసగా రెండేళ్లు లక్ష్యాన్ని దాటితేనే ప్రభుత్వమంతా కలిసి చర్య తీసుకోవాలి. ఒక రంగం తప్పిన లెక్కను మరొక రంగం పూరించవచ్చుననే సౌలభ్యాన్ని కొందరు ఆర్థికవేత్తలు సమర్థించారు. ఆ సమర్థనలో తర్కం లేకపోలేదు. ఐనా అంకెను అలాగే ఉంచి, దానికి జవాబు చెప్పవలసిన మనిషిని తప్పించడం, లక్ష్యాన్ని బహిరంగంగా తగ్గించడం కంటే ప్రమాదకరం. తగ్గించినట్లయితే కనీసం జనానికి తెలిసేది.

2024 సెప్టెంబరులో ఆ సడలింపును సవాలు చేస్తూ పర్యావరణ సంస్థలూ యువజనులూ కొత్త ఫిర్యాదులు దాఖలు చేశారు. న్యాయస్థానం అదే, కార్ల్స్‌రూయలోనిది.