ద్వీపయాత్రకు పోవువారికి ఒక మనవి

గత మాసమున మన సంఘ సమావేశము ముగియవచ్చిన వేళ కొందరు యువకులు ఒక ప్రతిపాదన తెచ్చిరి. రాబోవు వేసవి సెలవులలో మన తెలుగు కుటుంబములు కొన్ని కలిసి సముద్రమధ్యమున నున్న యేదైన ఒక ద్వీపదేశమునకు విహారయాత్ర పోవలెనని వారి కోరిక. విన్నవారిలో సగముమంది నవ్విరి. వానకాలమున వాగు తగ్గునో తగ్గదో యని ఒడ్డున కూర్చుండి సిరొంచ బండికై యెదురుచూచు జింగనూరు వారికి విమానములును ద్వీపములును ఎందుకని ఒక పెద్దాయన అడిగెను. మేము నవ్వలేదు. కాళేశ్వరము, భద్రాచలము, మేడారము తప్ప వేరు యాత్ర యెరుగని తరము మాది. మా పిల్లలు అంతకన్న దూరము చూడగోరుట తప్పు కాదు. మిరప అమ్మిన సొమ్ము చేతిలో నున్నపుడు దానిని పెండ్లి పందిళ్లకు తగులబెట్టుటకన్న నాలుగు దేశములు చూచుట మేలేయని మా యభిప్రాయము.

అయితే ఏ ద్వీపము? యువకులు మాల్దీవులనిరి, బాలి యనిరి. ఒకరు శ్రీలంక యనిరి. ఈ పేర్లన్నియు సెల్‌ఫోనులో చూచిన బొమ్మలనుండి వచ్చినవే. నీలపు నీరు, తెల్లని యిసుక, కొబ్బరిచెట్టు క్రింద కుర్చీ. ఆ కుర్చీలో మూడు దినములు కూర్చుండి వచ్చుటకు కుటుంబ మొక్కింటికి లక్షలు వెచ్చింపవలెనా? పోదలచినచో మారిషస్ పోవుదము. అచ్చటను నీలపు నీరు కలదు, తెల్లని యిసుక కలదు. వానితోపాటు మన గోదావరి మనుష్యులును కలరు.

ఈ మాట వట్టి అలంకారము కాదు. మన ప్రాణహిత కాళేశ్వరము కడ గోదావరిలో కలియును. ఆ నీరు భద్రాచలము దాటి, పాపికొండలు దాటి, ధవళేశ్వరము క్రింద చీలి, ఒక పాయ కాకినాడ దాపున కోరంగి కడ సముద్రమున పడును. ఆంగ్లేయుల పాలనలో తెలుగు కూలీలు ఓడలెక్కిన రేవులలో కోరంగి ముఖ్యమైనది. 1839లో గొప్ప తుపాను ఆ రేవును ముంచివేసెను. అయినను పేరు మాత్రము మునుగలేదు. మారిషస్‌లో తెలుగువారిని ‘కొరింగీలు’ అనుట వాడుకయయ్యెను. రేవు పేరే జాతి పేరుగా మారినది. గోదావరి మండలమునుండియు, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండియు పోయినవారు వీరు.

వారు విహారమునకు పోలేదు. 1835 ఫిబ్రవరి 1వ తేదీన ఆ ద్వీపమున బానిసత్వము రద్దయ్యెను. చెరకు తోటల దొరలకు చేతులు కావలసివచ్చెను. అందుకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, ‘అట్లాస్’ అను ఓడ భారత కూలీలతో పోర్ట్ లూయీ రేవు చేరెను. అది మొదలు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములవరకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు కరారు కూలీలుగా ఆ ద్వీపమున దిగిరి. కరారు తీరినవారిలో కొందరు తిరిగివచ్చిరి. ఎక్కువమంది అచ్చటనే నిలిచిపోయిరి. వారు దిగిన తావు నేడు ‘ఆప్రవాసీ ఘాట్’ అను పేర నిలిచియున్నది. రేవునుండి పైకి పోవు పదునారు రాతిమెట్లు అచ్చట కలవు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. సముద్రతీరపు హోటలులో ఒక పూట తగ్గించుకొనియైనను మన పిల్లలు ఆ పదునారు మెట్లెక్కవలెను.

ఇంకొక స్థలము చెప్పెదము. మోకా పట్టణమున మహాత్మా గాంధీ సంస్థ కలదు. 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీగారు ఆ ద్వీపమున కొన్ని దినములు ఆగిరి. ఆ స్మృతితో 1970లో భారత, మారిషస్ ప్రభుత్వముల పూనికపై ఈ సంస్థ యేర్పడెను. వలస వచ్చిన కూలీల చిట్టాలు అచ్చట భద్రముగా నున్నవి. పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఓడ పేరు, కొందరి ఛాయాచిత్రములును కలవు. వ్యాపారులమైన మనకు చిట్టా అనిన విలువ తెలియును. తాతతండ్రుల పేర్లు ఇంకొకని పద్దులో సరకువలె వ్రాయబడియుండుట చూచినపుడు మనస్సెట్లుండునో పోయి చూచినవారే చెప్పవలెను. ఆ సంస్థలో తెలుగును బోధించుచున్నారు.

ఇక్కడనే మా అసలు మాట యున్నది. అచ్చటి తెలుగువారిలో అధికులు ఇంట క్రియోల్ మాటలాడుదురు. తోటలలో భోజ్‌పురి వారితో కలిసి బ్రతుకుటవలన తొలి తరములలోనే నాలుక మారెను. తెలుగులో తడుముకొనక మాటలాడువారు కొలదిమందియే. అయినను వారు 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. రామభజనములు విడువలేదు, సింహాద్రి అప్పన్నను మరువలేదు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వ సెలవు దినము. ప్రాథమిక పాఠశాలలో కోరిన బాలురకు తెలుగు నేర్పుదురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ అచ్చటనే జరిగెను. మాటలాడలేనివారు చదువనేర్చుచున్నారు.

మన సంగతి తలక్రిందులుగా నున్నది. మనము ఇంట, సంతలో, తగవులో, ఏడ్పులో తెలుగే పలుకుదుము. కాని మన పిల్లలలో తెలుగు అక్షరము గుర్తుపట్టువారెందరు? ఈ పత్రికను తాత చదివి వినిపించిన మనుమడు వినును. మనుమడు చదివి తాతకు వినిపించు ఇండ్లు మాకు తెలిసి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఇతరుల ననుట ఎందుకు? మేము మెట్రిక్ వరకు మరాఠీలోనే చదివితిమి. తెలుగు లిపి మా తండ్రిగారి ఖాతా పుస్తకమునుండి, ఉప్పు, నూనె, ఇప్పపువ్వు పద్దులనుండి నేర్చితిమి. ఆయన ఆ విధముగా వ్రాయకున్నచో మేమును నిరక్షరులమే. మరాఠీ మన రాష్ట్రభాష, మనకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకు ద్వేషము లేదు. 1860లో నిజాము ప్రభుత్వము ఈ సీమను ఆంగ్లేయులకు వదలెను, 1956లో చాందా జిల్లాతో కూడ మధ్యప్రదేశునుండి బొంబాయి రాష్ట్రమున చేరితిమి, 1960లో మహారాష్ట్రమయ్యెను, 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడెను. ఇన్ని మార్పులలోను మన నోటిలోని తెలుగు మాత్రము కదలలేదు. వ్రాతయే కదలిపోయినది. అల్పసంఖ్యాక భాషల బాలురకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఏ అధికరణమున, 1956లోనే, చెప్పియున్నది. అడుగువారు లేనిదే ఏ అధికరణమును తనంతట నడచిరాదు.

కావున యాత్రాకాలమును గూర్చి ఆలోచింపవలెను. ఉగాదికి పోవుదమని ఒక సోదరి సూచించినది. సూచన మంచిదే. కాని అప్పుడు మన పిల్లలకు పరీక్షలు; మిరప అమ్మకము జోరుగా నుండును; ఆ ద్వీపమునకు తుపానుల కాలమును పూర్తిగా తీరదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అచ్చట తుపాను భయము కలదు. నవంబరు 2వ తేదీన కూలీల రాక దినముగా సెలవు పాటింతురు; దీపావళి సెలవులు కలిసివచ్చినను అది ప్రత్తి వచ్చు వేళ, మనము దుకాణము విడువజాలము. మే నెల సరిపోవును. భూమధ్యరేఖకు దక్షిణముననుండుటచే మనకు ఎండలు మండునపుడు అచ్చట చల్లని కాలము మొదలగును. పైగా వారి విద్యాసంవత్సరము జనవరిలో ఆరంభమగును గనుక మే నెలలో బడులు నడచుచుండును. ముందుగా వ్రాసి అనుమతి పొందినచో తెలుగు పాఠము చెప్పుచున్న ఒక తరగతిని మన పిల్లలు చూడవచ్చును. ఏ సముద్రపుటొడ్డును ఇంతకన్న చూడదగినది కాదు.

ఇక సొమ్ము మాట. సంఘ నిధిలోనుండి కొంత అప్పుగా తీసికొని యాత్రకు వాడుదమని సమావేశమున ఒక మాట వచ్చినది. దీనిని మేము గట్టిగా ఎదుర్కొనుచున్నాము. ఆ నిధి తెలుగు గ్రంథాలయపు గదికై, సాయంకాలపు బడికై కూడబెట్టినది. 2019లో మేడిగడ్డ బ్యారేజి ప్రారంభమైన పిమ్మట నీట మునిగిన చేలు గల బంధువులు మనలో పలువురకు కలరు. వారు ఇచ్చిన పది రూపాయలును ఆ నిధిలో నున్నవి. వారి సొమ్ముతో మనము విమానమెక్కుట న్యాయము కాదు. ఎవరి ఖర్చు వారే పెట్టుకొనవలెను. పోవు ప్రతి కుటుంబమును తన ఖర్చుపై కొంత చేర్చి, తిరిగివచ్చి సాయంకాలపు బడి నడపుటకు మాట యిచ్చిన ఒక యువతినో యువకునినో వెంట తీసికొనిపోవలెనని మా సూచన. దీనికి కొందరు ముఖము చిట్లించిరని తెలియును.

మధ్యవర్తుల విషయమున జాగ్రత్త. ఐదేండ్ల క్రిందట మేము కుటుంబముతో దక్షిణయాత్ర తలపెట్టి ఒక యాత్రాసంస్థకు బయానా యిచ్చితిమి. రసీదు కాగితపు ముక్కయే మిగిలెను. కావున సొమ్మంతయు ఒకేసారి ఎవరి చేతను పెట్టవలదు. మారిషస్ పోవు భారతీయ యాత్రికులు ముందుగా వీసా పొందనక్కరలేదు. పాస్‌పోర్టు, రానుపోను టికెట్టు, బస వివరము, ఖర్చులకు సొమ్మున్నట్లు ఆధారము ఉండవలెను. ముంబయినుండి నేరుగా విమానము కలదు, సుమారు ఆరు గంటల ప్రయాణము. వారి నాణెమును రూపాయియే, కాని మన రూపాయికన్న విలువ గలది; దుకాణమున ధర విని మోసపోకుడు. ఆ దేశమున మలేరియా నిర్మూలనమైనదని 1973లోనే ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తించెను. మన అడవి జ్వరముల సంగతి చెప్పనక్కరలేదు. బయలుదేరుటకు ముందు ప్రతివారును రక్తపరీక్ష చేయించుకొనుట మర్యాద.

డోడో పక్షి బొమ్మలను అచ్చట వీధివీధిని అమ్ముదురట. ఆ పక్షి నశించి మూడు వందల యేండ్లు దాటినది. మన సిరొంచ తాలూకాలో వడధం కడ కోట్ల యేండ్లనాటి శిలాజములు కలవు; పోచంపల్లి కడ దొరకిన బరపాసారస్ యెముకలు కలకత్తా చేరినవి. మనము బొమ్మ అమ్ముట అటుండనిమ్ము, పొరుగూరివాడు అడిగిన దారియైనను చెప్పము. ఈ విషయమున ద్వీపవాసులనుండి నేర్వదగినది కొంత కలదు.

పాస్‌పోర్టు లేనివారు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకొనవలెను. జిల్లా కేంద్రమే మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరము. జన్మదినపు కాగితములలో పేర్లు తెలుగున ఒకటి, మరాఠీలో ఒకటి, ఆంగ్లమున మరొకటిగా నుండుట మన ఇండ్లలో సామాన్యము, వానిని సరిచేయించుటకే రెండు మాసములు పట్టును. పోదలచిన కుటుంబముల పెద్దలు వచ్చు ఆదివారము దుకాణములు మూసిన పిమ్మట ఆ కాగితములతో సంఘ కార్యదర్శి గారి యింటికి రాగలరు. సాయంకాలపు బడికి పేరిచ్చు యువతీయువకులు తెలుగున తమ పేరు తామే వ్రాసి తేవలెను.