సర్దుకుంటాయి లెండి!

తెలుగులో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. కొత్త కోడలి విషయంలో "సర్దుకుంటుంది లెండి" అంటారు. ఒకే గదిలో నలుగురిని కుక్కిన హాస్టలు పిల్లల విషయంలో "సర్దుకుంటారు లెండి" అంటారు. ఇప్పుడు రంగుచేపలు అమ్మే దుకాణాల్లో కూడా అదే మాట, కాస్త మార్చి, "సర్దుకుంటాయి లెండి" అని. ఎవరు ఎవరితో సర్దుకోవాలన్నది మాత్రం అందులో ఎక్కడా ఉండదు. చెప్పనక్కర్లేదు కూడా. సర్దుకోవలసినవాళ్ళకి అది వినగానే తెలుస్తుంది.

మా పెదనాన్నగారి చిన్నకోడలు, నాకు మరదలు వరస, నిమ్మాడలో ఉంటుంది. హైవే మీంచి కాస్త లోపలికి ఇల్లు. మా తమ్ముడు జీడిపప్పు వ్యాపారం మీద రోజూ పలాస వెళ్ళివస్తాడు. పిల్లలు పోరగా పోరగా వాళ్ళ హాల్లోకి రెండడుగుల గాజుతొట్టె ఒకటి వచ్చింది. డజను గప్పీలు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, రెండు నల్ల మోలీలు, ఒక జత ఏంజెల్ చేపలు. మూడు నెలలు ఆ ఇంట్లో టీవీ చూసినవాళ్ళు లేరు. తరవాత మా తమ్ముడు విశాఖపట్నం వెళ్ళి, వ్యాపారం కలిసొస్తుందని ఎవరో చెప్పగా, రెండంగుళాల ఫ్లవర్‌హార్న్ పిల్లని ప్లాస్టిక్ సంచీలో పట్టుకొచ్చాడు. (ఆ పేరు వినగానే మా పిన్నత్తయ్యకి కాంప్లెక్సులో బస్సు హారను గుర్తొచ్చిందట. ఆవిడే నయం, పేరులోనే ప్రమాదం కనిపెట్టింది!) దుకాణదారు ధైర్యం చెప్పాడట, చిన్నప్పట్నించీ కలిపి పెంచితే సర్దుకుంటాయని.

నాలుగు నెలలు తిరిగేసరికి తొట్టెలో మిగిలినవి, ఒక మూల నీటిగొట్టం వెనకాల నక్కిన ఏంజెల్ ఒకటీ, తోక లేని గోల్డ్‌ఫిష్ ఒకటీ, అరచేతి పొడుగు పెరిగిన ఆ మహానుభావుడూ. "రాత్రి లెక్కపెట్టుకుని పడుకుంటాను వదినా, తెల్లారేసరికి ఒకటి తక్కువుంటాది" అంది మరదలు. వాళ్ళత్తగారు పక్కనే కూర్చుని ఉన్నారు. "అదేటమ్మా ఇడ్డూరం! పెద్దసేప సిన్నసేపని తినకపోతే మరేటి తింటాదీ?" అన్నారు.

ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలని నేను కలం పట్టింది. ఎందుకంటే ఆవిడే కాదు, పెద్ద చదువులు చదివిన మగవాళ్ళు కూడా మత్స్యన్యాయం అని ఓ సంస్కృతం ముక్క పారేసి చేతులు దులుపుకుంటారు. అది ప్రకృతి ధర్మమట, మనమేం చెయ్యగలమట. చెయ్యవలసినదంతా చేసి, చివర్న ప్రకృతి మీదికి నెట్టడం ఎంత తేలిక!

ముందా చేప సంగతి చూద్దాం. సిక్లిడ్‌లని ఒక పెద్ద కుటుంబం ఉంది. ఆఫ్రికా సరస్సుల్లోనూ, అమెరికా ఖండపు నదుల్లోనూ వందలాది రకాలు. మన బజార్లో దొరికే తిలాపియా ఆ ఇంటిదే. ఇళ్ళల్లో పెంచే ఆస్కారూ, ఆ మెత్తగా కనిపించే ఏంజెల్లూ ఆ ఇంటివే. ఫ్లవర్‌హార్న్ మాత్రం ఏ ఏట్లోనూ పుట్టలేదు. మధ్య అమెరికా సిక్లిడ్‌లని ఒకదానితో ఒకటి జతకట్టించి, 1990ల చివర మలేషియాలో మనుషులు తయారుచేసిన సంకరజాతి. నెత్తిమీద బొప్పి, ఒంటిమీద నల్లమచ్చలు. ఆ మచ్చల్లో అంకెలూ, చీనా అక్షరాలూ చదువుకుని లాటరీ టిక్కెట్లు కొన్నవాళ్ళున్నారు. చీనావాళ్ళు దీన్ని లువోహాన్ అంటారు. లువోహాన్ అంటే మన అర్హతుడే, రాగద్వేషాలు జయించిన బౌద్ధభిక్షువు. వంశధార ఒడ్డున మన శాలిహుండం కొండమీద శతాబ్దాల తరబడి అహింస బోధించిన భిక్షువుల పేరు, పక్క చేపని బతకనివ్వని దానికి పెట్టారు. పేర్లు పెట్టేవాళ్ళ కెప్పుడూ సిగ్గుండదు.

అయినా చేపని తిట్టడానికి నాకు మనసొప్పదు. సిక్లిడ్‌కి కోపం ఊరికే రాదు. నేలలో ఇంత మేర నాదని గిరిగీసుకుంటుంది. గుడ్లు పెట్టేందుకూ, పిల్లల్ని కాపాడేందుకూ ఆ మేర కావాలి. చేపల్లో చాలా రకాలు గుడ్లు వదిలేసి తమ దారిన తాము పోతాయి. ఇవి అలా పోవు. చాలా సిక్లిడ్‌లలో తల్లీ తండ్రీ కలిసి కాపలా కాస్తాయి. బజార్లో మనం చవకరకమని ఈసడించే తిలాపియాలో మన దేశానికి మొదట వచ్చిన జాతి తల్లి, గుడ్లని నోట్లో పెట్టుకుని, అవి పిల్లలై ఈదేదాకా తిండి మానేస్తుంది. మన చెరువుల్లో కొర్రమీను తన పిల్లల దగ్గరికి ఎవర్నీ రానివ్వదని పల్లెల్లో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. అది పౌరుషం గల సంసారి. దాని పౌరుషానికి చోటు కావాలి. అంతే దాని నేరం.

మరి మన మిచ్చిన చోటెంత? రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో పట్టేవి 56 లీటర్లు. ఆ లెక్క మా మరదలికి నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ పుట్టిల్లు ఉద్దానం, మందస దగ్గర. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బుతో వణికిపోయిన ప్రాంతం. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది గానీ, అంతకు ముందు ఎన్నో ఏళ్ళు తాగే నీటిని 20 లీటర్ల క్యానుల్లో కొలుచుకున్నవాళ్ళు వాళ్ళు. "అయితే మూడు క్యానులు కూడా లేవన్నమాట" అంది టక్కున. అడుగు దాకా పెరిగే ఒక్క ఫ్లవర్‌హార్న్‌కి నాలుగడుగుల తొట్టె, మూడువందల లీటర్ల నీళ్ళు కావాలని పెంచి అనుభవమున్నవాళ్ళంటారు. అంటే పదిహేను క్యానులు. అదీ అది ఒక్కటే ఉంటే. మనం మూడు క్యానుల నీళ్ళలో దాన్నీ, మరో ఇరవైంటినీ పెట్టి, కొట్టుకుంటే మత్స్యన్యాయం అంటున్నాం! ఏట్లో పెద్దచేప తరిమితే చిన్నచేప రాళ్ళ సందుల్లోకో, నాచులోకో, నాలుగు బారల అవతలికో పారిపోతుంది. తరిమిన చేపకి కావలసింది కూడా అదే. తన మేర దాటితే చాలు, మళ్ళీ పట్టించుకోదు. గాజుతొట్టెలో పారిపోయే చోటేదీ? తరుముతూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది. అందుచేత అది మత్స్యన్యాయం కాదు, మనుషుల న్యాయం.

అన్నిటినీ కరిచే చంపుతుందనుకోకండి. చాలావాటిని భయమే చంపుతుంది. మూలకి నక్కిన చేప తిండి దగ్గరికి రాదు. నీరసిస్తుంది. ఒంట్లో సత్తువ తగ్గితే తెల్లమచ్చల జబ్బు పట్టుకుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు నీలంరంగు మందు చుక్కలు తెచ్చి పోస్తారు. జబ్బుకి పేరుంది, మందుంది. ఆ జబ్బు ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు లేరు. ఇలాంటివి నేను చేపల్లోనే చూశానని చెప్పలేను.

దుకాణదారు అబద్ధమాడాడని కూడా నేననను. అతని తొట్టెలో యాభై పిల్లలు నిక్షేపంగా కలిసి తిరుగుతూంటాయి, మనం కళ్ళారా చూస్తాం. పసితనంలో సిక్లిడ్‌లు గుంపుగానే ఉంటాయి. ఈడొచ్చాకే గిరిగీతలు మొదలు. ఆ ఈడు వచ్చేసరికి అవి దుకాణంలో ఉండవు, మన హాల్లో ఉంటాయి. అతను చూపించింది నిజమే గాని, సగం నిజం.

ఇంకో వాదన ఉంది. కాస్త తెలిసినవాళ్ళు చేసేది. చేపలు ఎక్కువుంటే కోపం నలుగురి మీదా పంచబడి ఎవరికీ ప్రాణం మీదికి రాదంటారు. ఇది కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. ఆఫ్రికాలో మలావీ సరస్సు సిక్లిడ్‌లని అలాగే, పెద్ద తొట్టెలో, రాళ్ళు పేర్చి, కాస్త కిక్కిరిసేటట్టే పెంచుతారు. కాని అవన్నీ ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే మొండితనం గలవి. కొట్టేవాడూ కొట్టించుకునేవాడూ రేపటికి మారవచ్చు. గప్పీకీ ఫ్లవర్‌హార్న్‌కీ మధ్య ఆ మార్పు ఏ జన్మకి రావాలి?

ఈ సందర్భంలో కొన్‌రాడ్ లోరెంజ్ చెప్పిన కథ ఒకటి మీకు చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రియా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు, 1973లో నోబెల్ బహుమానం పంచుకున్న ముగ్గురిలో ఒకడు. జంతువుల కోపతాపాల మీద 1963లో ఒక పుస్తకం వేశాడు. అందులో మన దక్షిణదేశం, సింహళం నీళ్ళలో పుట్టే పసుపుపచ్చని చిన్న సిక్లిడ్ ప్రసక్తి ఉంది. ఒక జంటని విడిగా తొట్టెలో ఉంచితే, పోట్లాడ్డానికి మరెవరూ లేక, మగడు పెళ్ళాం మీద పడుతుందట. ఒక్కొక్కప్పుడు చంపేస్తుందట కూడా. అందుకని తొట్టెకి మధ్యన గాజుపలక అడ్డంపెట్టి, అవతల మరో జంటని ఉంచారు. మగాళ్ళిద్దరూ గాజుకి అటూ ఇటూ నిలబడి కసితీరా కయ్యమాడుకుని, ఇంటికి తిరిగి ఇల్లాలితో ఎంతో మర్యాదగా ఉండేవట. కొన్నాళ్ళకి సంసారంలో చిరచిరలు మొదలయ్యాయంటే, గాజుమీద నాచు పట్టి పొరుగింటివాడు కనిపించడంలేదని అర్థం. గాజు తుడిస్తే మళ్ళీ కాపురం చల్లగా సాగేదట!

నవ్వొస్తుంది గదా? నాకూ వచ్చింది. ఇది చదివిన మా బంధువొకాయన, "చూశావా, కోపం చూపించుకోడానికి ఎవరో ఒకరు కావాలన్నమాట" అని తేల్చేశాడు. ఆయన గాజుపలకని మరిచిపోయాడు. లోరెంజ్ చేపలు చూసుకున్నాయి, బెదిరించుకున్నాయి, కాని మధ్యన గాజుంది. ఒక్క రెక్క కూడా చిరగలేదు. మన ఇళ్ళల్లో ఆ పలక లేదు.

ఇక అదృష్టం సంగతి. ఎనిమిది ఎర్రవీ ఒక నల్లదీ పెట్టమనే వాళ్ళూ, ఈశాన్యంలో పెట్టమనే వాళ్ళూ ఉన్నారు. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను సహించలేనిది ఒక్కటే. చేప చచ్చిపోతే, "ఇంటి దోషం అది తీసుకుని పోయింది" అనడం. ఎంత గడుసు సిద్ధాంతమండీ! బతికుంటే అదృష్టం తెచ్చినట్టు, చస్తే అరిష్టం పట్టుకుపోయినట్టు. మన తప్పు ఎటుతిరిగీ లేదు. నిజానికి కొత్త తొట్టెలో చేపలు చావడానికి దోషం అక్కర్లేదు. వాటి మలమూత్రాల్లోంచి పుట్టే అమ్మోనియా చాలు. దాన్ని హరించే సూక్ష్మజీవులు తొట్టెలో కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది. ఈలోగా చేపల్ని కిక్కిరిస్తే విషమే. శుభ్రమని నీళ్ళన్నీ ఒక్కసారి పారబోసి, గులకరాళ్ళు తోమికడిగితే ఆ జీవులూ పోతాయి. వారానికి పాతికవంతు నీళ్ళు మార్చాలంతే. దోషం పేరు చెప్పి మళ్ళీ కొత్త చేపని తెచ్చి అదే నీళ్ళలో వెయ్యడం పుణ్యమెలా అవుతుంది?

మన టెక్కలి దగ్గరే తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి చింతచెట్లమీద గూళ్ళు కట్టుకుని, పిల్లలు ఎగిరాక వెళ్ళిపోతాయి. అవి రావడం శుభమని ఊరివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం నాకు ముచ్చటేస్తుంది. ఎందుకంటే దానికోసం వాళ్ళు ఒక్క పక్షినీ పంజరంలో పెట్టలేదు. చెట్లు కొట్టకుండా ఊరుకున్నారు, పిల్లల్ని రాళ్ళు విసరనివ్వలేదు.

పోనీ, పదిహేను క్యానుల తొట్టే కొంటామంటారా? కొనండి. కాని వారానికి డెబ్బై అయిదు లీటర్లు తోడి పొయ్యాలి. ఎవరు? తెచ్చినాయన పలాసలో ఉంటాడు, పిల్లలు బళ్ళో ఉంటారు. అక్వేరియం కొనేటప్పుడు ఇల్లాలిని ఎవరూ సలహా అడగరు, బకెట్టు మాత్రం ఆవిడ చేతికే వస్తుంది. ఈ చేప పదేళ్ళు బతుకుతుంది. పదేళ్ళ బకెట్లు లెక్కేసుకుని మరీ ఒప్పుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు తీరం దాటాక ఎన్నో ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. గాలిమర ఆగిన తొట్టెలో మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చునేది కూడా ఆవిడే.

ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని ఏం చెయ్యాలంటారా? దయచేసి చెరువులో మాత్రం వదలకండి. దయతలచినట్టే ఉంటుంది, కాదు. తిలాపియాని 1952లో మన దేశానికి తెచ్చారు. అది పిల్లల్ని పెట్టే వేగం చూసి 1959లోనే దాన్ని పెంచొద్దని మత్స్యశాస్త్రజ్ఞుల సంఘం చెప్పింది. అప్పటికే ఆలస్యమైపోయింది, చెరువు చెరువునా చేరింది. అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కరు చేప ఇవాళ మన రైతుల చేపలచెరువుల్లో దెయ్యం చేప అని తిట్లు తింటోంది. అదీ ఎవరో ఒకరి హాల్లోంచి బయల్దేరిందే.

ముందు తొట్టె మధ్య ఒక గాజుపలక పెట్టించండి, రెండు రోజుల పని. తరవాత అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, డబ్బు రాకపోయినా సరే. అతను తీసుకోనంటే, ఒక్క చేపనే పెద్ద తొట్టెలో ముద్దుగా పెంచుకునేవాళ్ళు శ్రీకాకుళంలోనూ విశాఖపట్నంలోనూ ఉన్నారు, వాళ్ళకిచ్చెయ్యండి. మిగిలిన మేత డబ్బా కూడా ఇవ్వడం మరిచిపోకండి, చిన్నచేపలు ఆ లావు గుళికలు మింగలేవు.