అమెరికా ప్రయాణం ఎన్ని గంటలు?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు బోలెడు. అమ్మాయి పురిటికి వెళ్లే తల్లి టిక్కెట్టు చేతికి రాగానే అడిగేది ఒక్కటే, "ఎన్ని గంటలండీ కూర్చోవాలి?" అని. షుగరు ఉన్నవాళ్లకి ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. అన్నమెప్పుడు, మాత్రెప్పుడు, ఇన్సులిను ఎప్పుడు అన్నదంతా దీనిమీదే ఉంటుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడమీది మ్యాపు నమ్మకండి, భూమి గుండ్రం కదా! పిల్లల గ్లోబు నడుముకి దారం చుట్టండి. అది 40,000 కి.మీ. 12 అంగుళాల గ్లోబైతే దారం 96 సెంటీమీటర్లు వస్తుంది, అంటే సెంటీమీటరుకి 415 కి.మీ. పైచిలుకు. ఇప్పుడు హైదరాబాదు నుంచి డాలస్‌కి దారం బిగువుగా పట్టి చూడండి. తిన్నగా పడమటికి పోదు, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది! ముప్ఫై నాలుగున్నర సెంటీమీటర్లు, సుమారు 14,400 కి.మీ. దుబాయిలో మారితే 2,550, ఆపైన 12,900, వెరసి వెయ్యి ఎక్కువ.

పెద్ద విమానం గంటకి 900 కి.మీ. పోతుందంటారు గానీ, ఎక్కడం, దిగడం, ఎదురుగాలి అన్నీ ఉంటాయి. దూర ప్రయాణానికి 800తో భాగించుకోండి. దుబాయి నుంచి డాలస్‌కి 16 గంటలు. హైదరాబాదు నుంచి దుబాయికి 4 వేసుకోండి.

అసలు తికమక టిక్కెట్టులో ఉంది. దానిమీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. సోమవారం తెల్లవారుజామున 4.20కి హైదరాబాదులో ఎక్కితే అదే సోమవారం మధ్యాహ్నం 3 గంటలకి డాలస్‌లో దిగుతారని ఉందనుకోండి. "అబ్బ, పదిన్నర గంటలేగా" అనిపిస్తుంది. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అది కలపండి, 22 గంటల 10 నిమిషాలు! మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకి జరుపుతారు. అప్పుడు పదిన్నరే కలపాలి.

ఇక ఇంటి గుమ్మం నుంచి లెక్క. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉండీ మనకి ఎక్కే విమానం లేదాయె! ఏలూరు నుంచి శంషాబాదుకి కారులో ఆరు గంటలు, అక్కడ మూడు గంటల ముందుండాలి, దిగాక సామానుకీ తనిఖీకీ రెండు. మొత్తం 33 గంటలు. డాక్టరు దగ్గరకి వెళ్లినప్పుడు "అమెరికా వెళ్తున్నానండీ" అని ఊరుకోకుండా ఈ అంకె చెప్పండి, విమానం టైములు రాసిన కాగితం చూపించండి. పడమటికి పోతుంటే ఆ రోజు సాగిపోతుంది కాబట్టి మందు వేళలు ఆయనే రాసిస్తారు. ఇన్సులిను, మాత్రలు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఇన్సులిను గడ్డకట్టవచ్చు, పెట్టె దారి తప్పనూ వచ్చు. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోకే.

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది, గంటో గంటన్నరో తగ్గుతుంది. కానీ తేదీ ముందుకి దూకుతుంది. ఎదురెళ్లే వాళ్లు ఇది గమనించాలి. 14వ తేదీ తెల్లవారుజామున 2.30కి దిగుతారని ఉంటే, ఏలూరులో కారు 13వ తేదీ సాయంత్రమే కదలాలి.