సిగ్నల్ దగ్గర చెయ్యి చాస్తే

2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్ పోలీసులు రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. నగరంలో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. గుడి మెట్ల మీద చిల్లర వేస్తే పుణ్యం. అదే చెయ్యి సిగ్నల్ దగ్గర కారు అద్దం తడితే న్యూసెన్స్. ‘ఒళ్లొంచి పని చేసుకోవచ్చుగా’ అనేవారికి చిరునామా, ఆధార్ లేని మనిషిని పనిలో పెట్టుకునేదెవరన్నది పట్టదు. పైగా ఫ్లైఓవర్ల కింద పడుకునేవారిలో అడ్డా కూలీలూ ఉంటారు. పొద్దున్నే పారా తట్టా పట్టుకుని పనికి వెళ్లే వారినీ బిచ్చగాళ్ల లెక్కలోనే వేస్తారు. యాచనను నిషేధించాలన్న పిటిషన్‌పై 2021లో సుప్రీంకోర్టు, ఇది పేదరికం సమస్య, సంపన్నుల కళ్లతో చూడలేమంది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక నైట్ షెల్టర్ ఉండాలని 2010లోనే ఆదేశించిందీ ఆ కోర్టే. బిచ్చగాళ్లను తరిమేయమని అర్జీలు పెట్టే కాలనీ సంఘాలు షెల్టర్ కట్టమని పెట్టడం అరుదు.