సంధి మాట అర్థమయ్యేదెవరికి?

సిరోంచలో జ్వరం ముదిరిన ముసలాయన అర్ధరాత్రి ఏదో గొణుగుతూ సెలైన్ సూది పీకేస్తాడు. 'సంధి కొట్టింది' అంటారు ఇంటివాళ్లు. నర్సుకు మరాఠీ ఒక్కటే వస్తే, అది ప్రేలాపనో, మంచినీళ్లడగడమో తెలిసేదెలా? నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి మారాడా అన్నదే ఈ జబ్బుకు అసలు గుర్తు. అమెరికా వైద్యులు 1990లో ప్రకటించిన 'క్యామ్' పరీక్ష మొదట చూసేదీ అదే. అందుకు రోగితో మాట్లాడాలి, ఇంటివాళ్లనడగాలి. వార్డంతా ఒక్క నర్సే చూసుకోవాల్సొస్తే చేతులు కట్టేయడమే సులువనిపిస్తుంది. కడితే కలవరం ఇంకా పెరుగుతుంది. ఇక మత్తుగా పడివుండే సంధి ఎవరి కంటా పడదు, నిద్రనుకుంటారు! మలేరియా మెదడుకెక్కే గడ్చిరోలి జిల్లాలో ఇదేమీ చిన్న సంగతి కాదు. తెలుగొచ్చిన నర్సులనే సిరోంచకు వేయాలి. అందాకా ఇంటిమనిషిని రాత్రిళ్లు మంచం పక్కన ఉండనివ్వాలి.